ఫిలిం కెమెరా, డిజిటల్ కెమెరా: మన ఇంటి బొమ్మల చరిత్ర

ఫోటోలు తీయడం సరదాగా పెట్టుకొన్నవారు ఇద్దరు కలిస్తే చాలు, ఫిలిం మేలా, డిజిటల్ మేలా అన్న చర్చ మొదలవుతుంది. రీలులోని అందం మరి దేనికీ రాదని ఒకరంటారు. ఆ ఖర్చూ, ఆ నిరీక్షణా ఈ కాలంలో ఎందుకని మరొకరంటారు. ఎవరి ముచ్చట వారిది. కాని మారిషస్ దీవిలో తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న కేవలం సరదాకు సంబంధించినది కాదని మేము భావిస్తున్నాము.

అందుకు కారణం ఉన్నది. చెరకు తోటలలో పనికి వచ్చిన మన పూర్వులలో అత్యధికులకు చదువు లేదు. వారు దినచర్యలు రాయలేదు, ఆత్మకథలు అచ్చు వేయించలేదు. వారి మాటలలో కొన్ని మన పెద్దల నోట మిగిలాయి, పాటలలో కొన్ని రామభజనాలలో మిగిలాయి. ముఖాలు మాత్రం ఫోటోలలోనే మిగిలాయి. అందుచేత మన ఇళ్ళలోకి ఛాయాచిత్రం ఎలా వచ్చిందో, ఎలా మారిందో, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నదో తెలుసుకోవడం మన చరిత్రలో ఒక భాగం తెలుసుకోవడమే.

మొదటి బొమ్మ

1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అనే ఓడ మీద 36 మంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ రేవుకు చేరారు. అది మొదలు 1920 వరకు దాదాపు 5 లక్షల మంది ఆ రేవులో దిగారు. వారిలో కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుంచి వచ్చిన తెలుగువారు కూడా ఉన్నారు. కోరంగి రేవు పేరునుబట్టే మనవారిని ఈ దీవిలో కోరంగీలని పిలిచేవారు.

ఛాయాచిత్రకళ కూడా ఇంచుమించు అదే కాలంలో పుట్టింది. 1839 ఆగస్టులో పారిస్ నగరంలో డాగేర్ కనిపెట్టిన పద్ధతిని లోకానికి వెల్లడించారు. 1851లో ఇంగ్లండులో ఆర్చర్ అనే శిల్పి గాజు పలక మీద జిగురు మందు పూసి, అది తడిగా ఉండగానే బొమ్మ తీసి కడిగే పద్ధతిని ప్రకటించాడు. ఒకే పలక నుంచి ఎన్ని కాగితపు ప్రతులైనా తీసుకొనే వీలు దానితో బాగా పెరిగింది. చవకగా, వరుసగా ఎంతోమంది బొమ్మలు తీయడం సాధ్యమైంది.

ఆ సౌకర్యాన్ని మన దీవిలోని ప్రభుత్వం ఎలా వాడుకొన్నదో గమనించండి. 1867లో ఒక చట్టం వచ్చింది. ఒప్పందం గడువు ముగించుకొని, ఇకపై స్వేచ్ఛగా బ్రతుకుదామనుకొన్న పాత కూలీలందరూ తమ ఫోటో అతికించిన టిక్కెట్టును ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలి. పోలీసు అడిగినప్పుడు చూపించాలి. చూపించలేనివారిని దేశదిమ్మరి అని పట్టుకొని నిర్బంధించేవారు. టిక్కెట్టు పోతే మరొకదానికి డబ్బు కట్టుకోవాలి. ఈ బాధలన్నిటి మీద 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని తయారుచేసిన విన్నపం మీద 9,000 మందికి పైగా పాత కూలీలు సంతకాలూ, గుర్తులూ పెట్టారు. దాని ఫలితంగా 1872లో రాజ విచారణ సంఘం వచ్చింది.

అదే శతాబ్దంలో హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా నవాబుల, జమీందారుల బొమ్మలు ఎంతో శోభగా తీస్తున్నారు. అక్కడివారు తమ దర్పం నిలవాలని ఫోటో తీయించుకొన్నారు. ఇక్కడ మనవారు పోలీసు పట్టుకోకుండా ఉండాలని తీయించుకోవలసి వచ్చింది. మారిషస్ తెలుగు ఇంటి ఆల్బంలో మొదటి పుట ఆ టిక్కెట్టు బొమ్మది. అది మనం కోరి తీయించుకొన్నది కాదు.

అయినా ఒక సంగతి విస్మరించరాదు. ఆ బొమ్మలు నేటికీ ఉన్నాయి. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస దస్తావేజులలో కూలీ నంబరు, పేరు, వయస్సు, తండ్రి పేరు, స్వగ్రామం, వచ్చిన ఓడ వంటి వివరాలున్నాయి. వాటితోపాటు ఎంతోమంది ఫోటోలున్నాయి. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. మన పేర్లను గుమాస్తాలు తమ చెవికి తోచినట్లు రాసిన మాట నిజమే. అప్పలస్వామి ఏ రూపం ధరించాడో, నారాయుడు ఏ అక్షరాలలో ఒదిగాడో వెదుక్కోవలసిందే. అయినా వెదికితే దొరుకుతుంది. బొమ్మ పక్కన రాత ఉన్నది కనుకనే దొరుకుతుంది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. మా వ్యాసమంతా దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

కెమెరా మన చేతికి వచ్చిన కాలం

గాజు పలకల కాలంలో ఫోటో తీయడం నిపుణుల పని. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను అమ్మకానికి పెట్టాడు. అందులో 100 బొమ్మలకు సరిపడే చుట్ట ఉండేది. అన్నీ తీసిన తరువాత కెమెరాను కంపెనీకి పంపితే వారే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త చుట్ట ఎక్కించి పంపేవారు. దాని వెల 25 డాలర్లు. 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరా వచ్చింది. పిల్లలు కూడా ఫోటో తీయగలరని అది రుజువు చేసింది. 1925లో జర్మనీలో లైట్జ్ కంపెనీవారు సినిమా ఫిలిం కొలతతో చేతిలో ఇమిడే లైకా కెమెరాను తెచ్చారు. 36 బొమ్మల రీలు ఆనాటి నుంచే ప్రచారంలోకి వచ్చింది. 1935లో కొడాక్రోమ్ రంగుల ఫిలిం, 1963లో రీలును పెట్టెతో సహా జారవిడిచే ఇన్‌స్టామాటిక్ కెమెరా వచ్చాయి. ఒక్కొక్క మెట్టూ దిగివచ్చి ఆ విద్య సామాన్యుని గుమ్మంలో నిలబడింది.

తోటల కాంపులలో నివసించిన మనవారికి మాత్రం అది వెంటనే అందలేదు. ముందు ఊరిలోని స్టూడియో, ఆ తరువాతనే సొంత కెమెరా. పెళ్ళి అయిన జంట, పుట్టిన బిడ్డ, చదువుకు విదేశం వెళ్ళబోయే కొడుకు, వీరికోసం స్టూడియోకు వెళ్ళేవారు. పెద్దలు కుర్చీలలో కూర్చుంటే, కొడుకులూ కోడళ్ళూ వెనుక నిలబడితే, పిల్లలు ముందు నేలమీద చతికిలబడేవారు. నవ్వడం తక్కువ. బట్టలన్నీ పండుగ బట్టలే. ఆ వరుసలోనే ఇంటి మర్యాద మొత్తం కనిపిస్తుంది.

సొంత కెమెరా వచ్చిన తరువాత బొమ్మలోకి వాకిలి వచ్చింది, వంటిల్లు వచ్చింది, అమ్మోరు పండుగ ఊరేగింపు వచ్చింది. 1867 చట్టం నాడు మనలను ఇతరులు చూశారు. కెమెరా చేతికి వచ్చిన నాడు మనలను మనం చూసుకొన్నాము. ఔత్సాహిక ఛాయాచిత్రకళ అనే మాటకు మనవరకు అర్థం ఇదే.

ఫిలిం నేర్పిన క్రమశిక్షణ

ఫిలిం పనిచేసే తీరును కొంచెం తెలుసుకొందాము. పలుచని పట్టీ మీద పూసిన జెలటిన్‌లో వెండి లవణపు కణాలుంటాయి. వెలుగు తగిలిన కణాలలో కంటికి కనిపించని మార్పు వస్తుంది. డెవలపర్ మందులో వేసినప్పుడు ఆ కణాలు నల్లని వెండిగా మారతాయి. వెలుగు తగలని కణాలను హైపో అనే మందు కరగించివేస్తుంది. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా మిగిలినదే నెగటివ్. రంగుల ఫిలింలో మూడు రంగుల వెలుగులకు వేర్వేరు పొరలుంటాయి. చివరకు వెండి పోయి, రంగులు మిగులుతాయి.

ఇంట్లో చీకటి గది పెట్టుకొన్నవారికి ఇదంతా ఒక వ్రతం. కిటికీలకు నల్లగుడ్డ కట్టాలి. నలుపు తెలుపు ఫిలింకు మందు 20 డిగ్రీల వేడి దగ్గర ఉంటే మంచిది. మనవంటి ఉష్ణదేశంలో వేసవి రోజులలో పంపునీరే అంతకంటె వేడిగా ఉంటుంది. ఐసు ముక్కలు తెచ్చి గిన్నె చుట్టూ పెట్టుకోవలసిందే. ఎర్ర దీపం కింద తెల్ల కాగితం మీద ఒక ముఖం మెల్లగా తేలివచ్చే క్షణాన్ని చూసినవారు ఆ శ్రమను ఎన్నటికీ శ్రమ అనుకోరు.

రీలుకు 36 బొమ్మలే. పాత పెట్టె కెమెరాలకు 12 లేదా 8. ప్రతి నొక్కుకూ డబ్బు. అందుచేత నొక్కే ముందు ఆలోచించేవారు. వెలుగు ఎటునుంచి వస్తున్నదో చూసేవారు. తాతగారి కండువా సరిచేసేవారు. పెళ్ళికి రెండు రీళ్ళు వేస్తే, తాళి కట్టే క్షణానికి ఎన్ని మిగలాలో ముందే లెక్క వేసుకొనేవారు. ఈ కొరత ఫిలిం లోపమని కొందరంటారు. ఎంపిక నేర్పిన గురువని మేమంటాము. ఏ పాత ఆల్బం తిప్పినా అందులో పనికిమాలిన బొమ్మ అరుదుగా కనిపించడానికి కారణం అదే.

అయితే ఫిలింను మరీ పొగడడం కూడా న్యాయం కాదు. రంగుల ఫిలిం తయారీలో, ప్రింటింగులో చాలా కాలం తెల్లవారి చర్మపు రంగునే కొలబద్దగా పెట్టుకొన్నారు. ప్రింటింగు యంత్రాలను సరిచూసే నమూనా చీటీల మీద తెల్ల యువతి బొమ్మ ఉండేది. నల్లని, చామనచాయ ముఖాలలోని వివరం వాటిలో సరిగా పడేది కాదు. తమ సరుకులోని గోధుమ ఛాయలు సరిగా రావడం లేదని చాక్లెట్ తయారీదారులు, చెక్క సామాను తయారీదారులు ఫిర్యాదు చేసిన తరువాతనే కంపెనీ ఆ లోపాన్ని దిద్దడం మొదలుపెట్టిందని అందులో పనిచేసినవారే చెప్పారు. మన పాత రంగుల ఫోటోలలో తెల్ల చొక్కా మెరుస్తూ, ముఖం చీకటిలో ఉండడానికి తీసినవారి చేతకానితనమే ఎల్లప్పుడూ కారణం కాదు.

డిజిటల్ కెమెరా రాక

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బోయిల్, స్మిత్ అనే ఇద్దరు వెలుగును విద్యుత్తుగా మార్చి వరుసగా చదవగల చిప్పుకు రూపకల్పన చేశారు. అందుకు 2009లో వారికి నోబెల్ బహుమతి లభించింది. 1975లో కొడాక్ కంపెనీలోనే స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు అటువంటి చిప్పుతో తొలి డిజిటల్ కెమెరాను కూర్చాడు. అది నిలువునా అడ్డంగా 100 చుక్కల చొప్పున మొత్తం 10,000 చుక్కల బొమ్మ తీసేది. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకండ్లు పట్టేది. ఫిలిం అమ్మి బ్రతికే సంస్థ ఇంటిలోనే ఫిలింకు పోటీ పుట్టడం చరిత్రలోని చమత్కారం.

1999లో నికాన్ డి1, 2003లో కెనాన్ వారి 1,000 డాలర్ల లోపు కెమెరా వచ్చేసరికి ఔత్సాహికులు కూడా ఫిలింను విడిచిపెట్టసాగారు. 2000 నుంచి ఫోనులలో కెమెరాలు కనిపించాయి. 2007 తరువాత స్మార్ట్‌ఫోన్లు వ్యాపించడంతో విడి కెమెరా అవసరమే తగ్గింది. 2006లో కొనికా మినోల్టా ఈ వ్యాపారం నుంచి తప్పుకొన్నది. 2009లో కొడాక్రోమ్ తయారీ ఆగింది. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరింది.

అంతటితో ఫిలిం కథ ముగిసిందనుకొన్నారు. ముగియలేదు. 2018లో కొడాక్ ఎక్టాక్రోమ్ ఫిలింను తిరిగి తెచ్చింది. 2024లో పెంటాక్స్ సంస్థ సరికొత్త ఫిలిం కెమెరానే విడుదల చేసింది. రీలు మొహం ఎరుగని యువతీ యువకులు తాతల కెమెరాలను దుమ్ము దులిపి వాడుతున్నారు. తీసిన వెంటనే కనిపించకపోవడం ఒకప్పుడు కష్టమైతే, ఇప్పుడు అదే వారికి ఆకర్షణ అయింది.

ఏది మేలు?

నేర్చుకొనేవారికి డిజిటల్ మేలని చెప్పక తప్పదు. తప్పు తీస్తే వెంటనే తెలుస్తుంది, మరోసారి తీయడానికి ఖర్చు లేదు. గుడిలో దీపం వెలుగులో, రాత్రి భజనలో, కదిలే ఊరేగింపులో డిజిటల్ కెమెరా చేయగలిగినది పాత రీళ్ళు చేయలేకపోయేవి. చామనచాయ ముఖాన్ని చక్కగా తీయడానికి వెలుగును అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. అయితే ముఖాన్ని నునుపు చేసి తెల్లబరచే సదుపాయాలను ఇప్పుడు మనమే ఫోనులో నొక్కుతున్నాము. ఆనాడు కంపెనీ చేసిన పనిని ఈనాడు మనమే చేసుకొంటే ఎవరిని తప్పుపట్టాలి?

నిదానంగా చూడడం నేర్పేది ఫిలిం. సరదా గలవారు ఏడాదికి రెండు మూడు రీళ్ళైనా తీసి చూడవలసిందని మా సలహా. 36 సార్లే నొక్కగలమని తెలిసిన మనిషి ఎదుటివారి ముఖాన్ని చూసే తీరే మారుతుంది.

ఇక నిలకడ మాట. ఇక్కడే రెండు పక్షాలవారూ పొరబడతారు. ఫిలిం శాశ్వతమనుకోవడం భ్రమ. వేడి, తేమ కలిసిన గాలిలో అసిటేట్ ఫిలిం పాడై సిర్కా వాసన వేస్తుంది, ముడతలు పడుతుంది. రంగుల ప్రింట్లు వెలిసిపోతాయి. 1960లో అలిక్స్, క్యారల్ తుఫానులు కొద్ది వారాల తేడాతో ఒకదాని వెంట ఒకటి వచ్చి వేలాది ఇళ్ళను కూల్చినప్పుడు, ఇళ్ళతోపాటు పెట్టెలలోని బొమ్మలకు రక్ష ఏముంటుంది? డిజిటల్ బొమ్మకు బూజు పట్టదు, నిజమే. కాని అది చల్లగా, చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఫోను నీళ్ళలో పడుతుంది. డిస్కు తిరగడం మానుతుంది. సంకేతపదం తెలిసిన పెద్దాయన కన్నుమూస్తారు. నెగటివ్‌ను వెలుగుకు ఎత్తి పట్టుకొంటే మనవడికైనా ఏదో కనిపిస్తుంది. పాడైన డిస్కును ఎత్తి పట్టుకొంటే ఏమి కనిపిస్తుంది?

అన్నిటికంటె పెద్ద నష్టం మరొకటి. మన ఇళ్ళలో 1950, 1960 నాటి ఎన్నో ఫోటోల వెనుకవైపు ఖాళీ. కుర్చీలో కూర్చున్న ఆ ముసలమ్మ ఎవరు? నాయనమ్మ తల్లా, పెద్దమ్మమ్మ అత్తగారా? అడుగుదామంటే తెలిసినవారు లేరు. ఫోను బొమ్మల స్థితి ఇంతకంటె మెరుగు కాదు. కెమెరా తనంతట తాను తేదీ, గంట రాసుకొంటుంది, పేరు మాత్రం రాయదు. 150 ఏళ్ళ క్రిందటి టిక్కెట్టు బొమ్మలోని కూలీ ఎవరో మనకు తెలుస్తున్నది. 50 ఏళ్ళ క్రిందటి సొంత ఇంటి బొమ్మలోని మనిషి ఎవరో తెలియడం లేదు. నిఘాకోసం సర్కారు చూపిన శ్రద్ధను, ప్రేమతో మనం చూపలేకపోయాము. ఇది ఫిలిం తప్పూ కాదు, డిజిటల్ తప్పూ కాదు.

మా మనవి

కనుక పాఠకులకు మా మనవి కొద్దిపాటిది. ఇంట్లోని పాత ప్రింట్లను, నెగటివ్‌లను తేమ తగలని చోట ఉంచండి. ప్లాస్టిక్ జిగురు ఆల్బములనుంచి మెల్లగా తప్పించండి. అన్నిటినీ స్కాను చేయించండి, అయితే స్కాను అయినదని అసలును పారవేయకండి. డిజిటల్ బొమ్మలకు మూడు ప్రతులు ఉంచండి. అందులో ఒకటి మరొక ఊరిలోని బంధువుల ఇంట ఉండాలి. ఏటా సంక్రాంతికో, ఉగాదికో ఆ సంవత్సరపు బొమ్మలలో పది ఏరి కాగితం మీద వేయించండి. ఆ ఏరడంలోనే రీలు నేర్పిన క్రమశిక్షణ మళ్ళీ అలవడుతుంది.

ప్రతి బొమ్మ వెనుక మెత్తని పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాయండి. ఫ్రెంచిలోనో, ఇంగ్లీషులోనో రాసినా, పేరును మాత్రం తెలుగు లిపిలో కూడా రాయండి. మన పేర్లను ఒకసారి పరాయి చెవులు విని రాశాయి. ఈసారి మన చేత్తో మనమే రాసుకొందాము. తెలుగు బడికి వెళ్ళే పిల్లల చేత రాయిస్తే వారికి అక్షరమూ వస్తుంది, చుట్టరికమూ తెలుస్తుంది. కెమెరా ఏదైనా కానివ్వండి. ఇంట్లో పెద్దవారు ఉన్నవారు ఈ ఆదివారమే ఆల్బం తీసి వారి పక్కన కూర్చోండి. పేర్లు చెప్పగలవారు మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి.